నీలి బుడతలకు ఎర్రరంగు పూసినవాళ్లకు

మొన్న మా బావగారు కుటుంబం గ్రూపులో ఒక సందేశం పెట్టారు. కొత్తదేం కాదు, ఏళ్ల తరబడి ఇంగ్లిషులో తిరిగి తిరిగి ఇప్పుడు తెలుగులోకి దిగింది. సారాంశం ఇది: టీవీలో పిల్లలు చూసే స్మర్ఫులు, అదే ఆ నీలం రంగు బుడతలు, మామూలు బొమ్మలు కావు, కమ్యూనిస్టు ప్రచార బొమ్మలు. ఋజువులు కూడా వరసగా పేర్చారు. ‘స్మర్ఫ్’ అనే మాట ‘సోషలిస్ట్ మెన్ అండర్ రెడ్ ఫాదర్’ అన్న ఐదు మాటల పొట్టి రూపం. పెద్దాయన పాపా స్మర్ఫ్‌కి మార్క్స్ గడ్డం, ఎర్ర టోపీ. అందరికీ ఒకే రకం బట్టలు. ఊళ్లో డబ్బు లేదు, సొంత ఆస్తి లేదు. కళ్లద్దాల స్మర్ఫ్ రష్యా విప్లవ నాయకుడు ట్రాట్‌స్కీ. బంగారం కోసం వాళ్లను వేటాడే గార్గమెల్ పెట్టుబడిదారు. ఆడవాళ్లు లేకపోవడం కూడా కమ్యూన్ పద్ధతే.

కింద మా వాళ్లందరూ ‘అమ్మో’ అని ఎమోజీలు పెట్టారు. నేను పాత ఫ్రెంచి బొమ్మల పత్రికల పిచ్చివాణ్ని. కాబట్టి బావగారికి అక్కడే జవాబు రాద్దామని మొదలుపెట్టి, అది చేంతాడంత అయ్యేసరికి ఇక్కడికి తెచ్చాను. నా ఫిర్యాదు ఒకటే. ఈ సందేశం రాసినవాళ్లు స్మర్ఫులు అమెరికా టీవీలో పుట్టారనుకుని లెక్క మొదలుపెట్టారు. వాళ్లు పుట్టింది టీవీలో కాదు, ఒక వారపత్రికలో. బెల్జియంలో 1938లో మొదలై, యుద్ధకాలం మినహా ఆగకుండా నడుస్తూ, నాలుగు వేల సంచికలు ఎప్పుడో దాటేసిన ‘స్పిరూ’ అనే ఫ్రెంచి పిల్లల పత్రికలో. ఆ పత్రిక చరిత్ర తెలిస్తే ఈ ఋజువులు ఒక్కొక్కటే జారిపోతాయి. ఒకటి రెండు చోట్ల బావగారికి నేనే మార్కులు వేస్తాను, అది కూడా చెబుతా.

ముందు పేరు సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే సందేశం మొత్తానికి అదే మూలస్తంభం. ఫ్రెంచిలో వీళ్లు స్మర్ఫులు కారు. ‘ష్ట్రూంఫ్’. బొమ్మలు గీసిన పెయో (అసలు పేరు పియెర్ కల్లిఫోర్డ్, 1928లో బ్రసెల్స్‌లో పుట్టాడు) ఒకసారి సముద్రతీరాన సెలవుల్లో తోటి చిత్రకారుడు ఫ్రాంకాన్‌తో భోజనానికి కూర్చున్నాడు. ఉప్పు అడగబోతే ఆ మాట నోటికి రాక ‘ఆ ష్ట్రూంఫ్ ఇలా ఇవ్వు’ అన్నాడు. ఫ్రాంకాన్ అందుకుని ‘ఇదిగో ష్ట్రూంఫ్, ష్ట్రూంఫడం అయ్యాక మళ్లీ ష్ట్రూంఫెయ్’ అన్నాడు. ఇద్దరూ సెలవులంతా అదే భాష. మనకిది కొత్తా? ‘ఆ ఇదిటు ఇవ్వు’, ‘వాడు తెగ ఇదైపోతున్నాడు’, ‘ఇది చెయ్యి’ అని రోజుకి పదిసార్లు అంటాం. తెలుగువాడి ‘ఇది’ లాంటిదే పెయో ష్ట్రూంఫ్. దానికి అర్థం లేకపోవడమే దాని అర్థం.

మరి స్మర్ఫ్ ఎక్కడిది? బెల్జియంలో కొందరిది ఫ్రెంచి, అంతకన్నా ఎక్కువమందిది డచ్చి. స్పిరూ మొదలైన ఏడాదే దాని డచ్చి కూర్పు ‘రాబెడూస్’ పేరుతో మొదలైంది, 2005 దాకా నడిచింది. అందులో ష్ట్రూంఫ్‌ని అనువదించాల్సి వచ్చినప్పుడు డచ్చి నోటికి తగ్గట్టు ‘స్మర్ఫ్’ అని కల్పించారు. ఇంగ్లిషువాళ్లు తర్వాతెప్పుడో ఆ డచ్చి మాటనే తెచ్చుకున్నారు. అంటే ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలు కలిపి ఒక డచ్చి అనువాదకుడు ఒక ఫ్రెంచి కథకు రహస్య సంకేతం పెట్టాడని నమ్మాలి మనం. జర్మనుల్లో వీళ్లు ష్లుంఫులు, ఇటలీలో పుఫ్ఫోలు, స్పెయిన్‌లో పితూఫోలు. ఆ భాషల పిల్లలకు ప్రచారం అందలేదు పాపం.

ఇంకో తమాషా. ఆ పొట్టి రూపంలో ‘రెడ్ ఫాదర్’ ఉన్నాడు కదా. ఫ్రెంచిలో ఆయన పేరులో తండ్రి లేడు. ‘గ్రాన్ ష్ట్రూంఫ్’, అంటే పెద్ద ష్ట్రూంఫ్, మనం ‘పెద్దాయన’ అన్నట్టు. డచ్చిలోనూ అంతే. పాపా అనేది ఇంగ్లిషువాళ్ల ముద్దు.

ఇక ఈ పత్రిక ఎవరిదో చూద్దాం. సందేశంలో దీని ఊసే లేదు, నాకు మాత్రం అన్నిటికన్నా ఆసక్తి దీని మీదే.

బెల్జియంలో షార్లెరువా పక్కన మార్సినెల్ అని ఒక ఊరు. బొగ్గు గనుల ప్రాంతం. 1956 ఆగస్టులో అక్కడి బువా దు కాజియే గనిలో మంటలు లేచి 262 మంది చనిపోయారు, అందులో 136 మంది పొట్టకూటికి ఇటలీ నుంచి వచ్చినవాళ్లు. కార్మికుల ప్రాంతం కాబట్టి రాజకీయంగా ఆ చుట్టుపక్కలంతా సోషలిస్టుల బలం. ‘ఇంకేం, ఎర్ర ఊరే కదా’ అంటారేమో బావగారు. ఊరు ఎర్రదే. కానీ పత్రిక పుట్టిన ఇల్లు వేరు. ఝాన్ ద్యుప్వీ అనే ఆయన 1898లో అక్కడ చిన్న అచ్చుయంత్రంతో ప్రెస్సు మొదలుపెట్టాడు. గట్టి క్యాథలిక్ కుటుంబం. 1922లో ఆడవాళ్ల కోసం ‘బాన్ స్వారే’, 1924లో రేడియో కార్యక్రమాలతో, హాస్యంతో ‘లె ముస్తీక్’ అనే వారపత్రికలు తెచ్చాడు. ముస్తీక్ అంటే దోమ. ఆ తర్వాత 1938 ఏప్రిల్ 21న పిల్లల కోసం స్పిరూ. దక్షిణ బెల్జియం వాళ్ల వలూన్ యాసలో స్పిరూ అంటే ఉడత, హుషారైన అల్లరి పిల్లాడు అని కూడా. కథానాయకుడు ఎర్ర యూనిఫారం వేసుకుని హోటల్లో పనిచేసే కుర్రాడు. ఆ హోటలు పేరు ముస్తీక్. సొంత పత్రికకు చాటుగా ప్రకటన ఇచ్చుకోవడమంటే ఇదీ. (ఎర్ర బట్టలే ఋజువైతే ముందు ఈ కుర్రాణ్ని పట్టుకోవాలి. ఎందుకో ఎవరూ పట్టుకోలేదు.)

మొదటి రోజుల్లో సగం పేజీలు అమెరికా నుంచి కొని తెచ్చిన బొమ్మల కథలు. సూపర్‌మ్యాన్ కూడా అందులో వచ్చాడు. యుద్ధం వచ్చి, జర్మన్లు బెల్జియాన్ని ఆక్రమించాక ఆ సరుకు ఆగిపోయింది. ఖాళీ పేజీలు నింపడానికి జిజే అనే ఒక్క చిత్రకారుడు వారం వారం నాలుగు చేతులతో గీసినంత పని చేశాడు. అప్పుడు ఆయన గీసిన కథల్లో బాగా ఆడినది ఏదో తెలుసా? పేద పిల్లలను చేరదీసిన ఇటలీ మతగురువు డాన్ బాస్కో జీవితం. 1941లో మొదలైంది. ఇలాంటి ఇంటి నుంచి లెనిన్ బొమ్మలొస్తాయని అనుకోవడానికి చాలా ఊహాశక్తి కావాలి.

అయితే ఇక్కడే నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆ పత్రికలో నిజంగానే ఒక కమ్యూనిస్టు ఉండేవాడు. పేరు ఝాన్ ద్వాజీ. తొలినాళ్ల సంపాదకుడు, పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాసేవాడు, ‘స్పిరూ మిత్రులు’ అనే పిల్లల సంఘాన్ని నడిపాడు. దానికి నియమావళి, పిల్లలు మాత్రమే విప్పుకోగల రహస్య లిపి, అన్నీ ఉండేవి. ఆక్రమణ రోజుల్లో ద్వాజీ నాజీలకు వ్యతిరేకంగా రహస్య ఉద్యమంలో పనిచేశాడు. క్యాథలిక్ యజమాని, కమ్యూనిస్టు సంపాదకుడు ఒకే కప్పు కింద పిల్లల పత్రిక నడిపారు. పత్రికను తమ మనిషి చేతికి ఇవ్వమని జర్మన్లు ఒత్తిడి చేస్తే ద్యుప్వీ కుటుంబం ఒప్పుకోలేదు. 1943 సెప్టెంబరులో స్పిరూ మూతపడింది. బెల్జియానికి విముక్తి దొరికాక 1944 అక్టోబరులో మళ్లీ వచ్చింది.

కుట్ర వెతికేవాళ్లకు ఇంతకన్నా మంచి పాత్ర దొరకదు. కానీ ఆయన 1955లో చనిపోయాడు. స్మర్ఫులు పుట్టింది 1958 అక్టోబరు 23 సంచికలో.

పుట్టుక కూడా ఎలాంటిదో చూడండి. పెయో అప్పటికి ఆరేళ్లుగా స్పిరూలో ‘ఝొవాన్, పిర్లుయీ’ అనే మధ్యయుగపు సాహస కథలు గీస్తున్నాడు. ఝొవాన్ రాజుగారి కొలువులో కుర్ర వీరుడు, పిర్లుయీ గొంతు బాగోలేకపోయినా పాడి అందరి ప్రాణం తీసే మరుగుజ్జు. వాళ్లకు ఒక మంత్రపు పిల్లనగ్రోవి దొరుకుతుంది, ఆరు రంధ్రాలది. దాన్ని ఎవరు చేశారని వెతుక్కుంటూ పోతే అడవిలో ఈ నీలి బుడతలు కనబడతారు. ఒక కథలో పక్క పాత్రలు, అంతే. రాజుగారికి విధేయులైన వీరుల కథలో, రాజ్యం పేరు పెట్టుకున్న దేశంలో, క్యాథలిక్ ప్రెస్సులో పుట్టారు. విప్లవానికి ఇంతకన్నా దూరపు చుట్టరికం ఉండదు.

నీలం రంగు పెయో భార్య నీన్ ఎంపిక. ఆయన బొమ్మలకు ఆవిడే రంగులు వేసేది. ఆకుపచ్చ వేస్తే చెట్లలో కలిసిపోతారు, ఎరుపు మరీ కొట్టొచ్చినట్టుంటుంది, గులాబీ రంగు మనుషులది. మిగిలింది నీలం. ఎరుపు వద్దన్న సంగతి గమనించారు కదా.

మరి పెద్దాయనకు ఎరుపెందుకు, మిగతా అందరికీ ఒకే బట్టలెందుకు? ఇక్కడ పత్రిక అచ్చు సంగతి తెలియాలి. పాఠకులకు బుడతలు నచ్చారు. అప్పటి ప్రధాన సంపాదకుడు ఇవాన్ దెల్పోర్త్ (పేరు చూసి కంగారు పడొద్దు, పదహారణాల బెల్జియం మనిషి, బొడ్డు దాకా గడ్డం) పెయోని వీళ్లకు విడిగా కథలు గీయమన్నాడు. ఎక్కడ వేయాలి? పత్రిక నడిమధ్య పేజీల్లో. ఆ కాగితాన్ని పిల్లలు ఊడదీసి, మడతలు పెట్టి, కత్తిరించి, పిన్ను కొడితే అరచేతిలో పట్టే చిట్టి పుస్తకం అవుతుంది. వీటిని ‘మినీ రెసీ’ అనేవారు. 1959 వేసవిలో స్మర్ఫుల మొదటి సొంత కథ ఇలాగే వచ్చింది. అగ్గిపెట్టెకు కాస్త పెద్ద పేజీ. దాని మీద వంద మంది బుడతలు. ఒక్కొక్కడికీ ఒక్కో చొక్కా, ఒక్కో ముక్కు గీస్తూ కూర్చుంటే వారం గడువుకి ఆ పెయో ఏమైపోవాలి? అందుకే అందరూ ఒకే అచ్చు. గుర్తుపట్టాల్సిన వాడికి మాత్రం ఒక గుర్తు: ఒకడికి కళ్లద్దాలు, ముసలాయనకు గడ్డం, రంగు బట్టలు. ఇది నా ఊహే, ఒప్పుకుంటాను. కానీ గీసేవాడి పక్కన ఒక్కసారి కూర్చున్నా ఈ ఊహే వస్తుంది, మార్క్స్ గుర్తుకు రాడు. పైగా గడ్డమంటే మార్క్స్ ఒక్కడిదేనా? తెల్ల గడ్డం, ఎర్ర బట్టలు, ఎర్ర టోపీ, పిల్లలకు ఇష్టుడు అంటే యూరప్ పిల్లాడికి ముందు ఎవరు గుర్తొస్తారో బావగారే చెప్పాలి. ప్రతి డిసెంబరులో వస్తాడాయన.

‘అందరూ సమానం, సొంత ఆస్తి లేదు’ అన్నది సగం నిజం. ఒక్కొక్కడికీ ఒక్కో పుట్టగొడుగు ఇల్లుంది. ఒక్కొక్కడికీ ఒక పని: ఒకడు రొట్టెలు చేస్తాడు, ఒకడు పనిముట్లు బాగుచేస్తాడు, ఒకడు పొలం చూస్తాడు. డబ్బు చేతులు మారదు. కమ్మరికీ కుమ్మరికీ కళ్లంలో గింజలు కొలిచిన రోజుల్లో మన పల్లెల్లోనూ డబ్బు పెద్దగా చేతులు మారలేదు. దాన్నెవరూ కమ్యూనిజం అనలేదు (సమానత్వం అసలే అనలేం, అది వేరే సంగతి). మధ్యయుగపు కథలోంచి వచ్చిన పల్లె, మధ్యయుగపు పల్లెలాగే ఉంది.

గార్గమెల్ దగ్గరికొద్దాం. బంగారం అంటే పడి చస్తాడు కాబట్టి పెట్టుబడిదారు అట. 1959లో వచ్చిన కథలోనే కారణం చెప్పారు: ఆయన రసవాది, ఇనుమును బంగారం చేసే పరుసవేది తయారుచేయాలంటే దినుసుల్లో ఒక స్మర్ఫ్ కావాలి. మన వేమన పద్యాల చుట్టూ అల్లుకున్న రసవాదం కథలు విన్నవాళ్లకు ఈ మనిషి కొత్త కాదు. ఆయనకు ఫ్యాక్టరీ లేదు, కూలీలు లేరు, సరుకు లేదు, అమ్మేది లేదు. కూలిపోయే కొంపలో ఒక పిల్లితో ఒంటరిగా ఉంటాడు. ఇతనే పెట్టుబడిదారీ వ్యవస్థకు ప్రతినిధి అయితే ఆ వ్యవస్థ మీద జాలి పడాలి. ఆ పేరు కూడా ఫ్రెంచి సాహిత్యంలోదే. పదహారో శతాబ్దపు రచయిత రబెలే రాసిన రాక్షసకాయుడు గార్గాంత్వాకి తల్లి పేరు గార్గమెల్. పిల్లి పేరు అజ్రాయెల్, యూదుల, ముస్లిముల సంప్రదాయంలో ప్రాణాలు తీసుకుపోయే దేవదూత. పిల్లికి ‘యముడు’ అని పేరు పెట్టినట్టు. ఎలుకంత స్మర్ఫుల వైపు నుంచి చూస్తే సరైన పేరే.

ఈ జంట మీద ఇంకో ఆరోపణ కూడా ఉంది. 2011లో ఆంత్వాన్ బ్యువెనో అనే ఫ్రెంచి రచయిత ఒక పుస్తకమే రాశాడు, స్మర్ఫుల ఊరు స్టాలిన్ తరహా, నాజీ తరహా నిరంకుశ సమాజానికి నమూనా అని. గార్గమెల్ ముక్కు, దురాశ చూస్తే యూదులను వెక్కిరించే పాత కార్టూన్లు గుర్తొస్తాయన్నాడు. ఈ మాటను నేను నవ్వి కొట్టిపారేయను. వంకర ముక్కు మంత్రగాడనే బొమ్మ యూరప్‌లో ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో తవ్వితే మంచి సంగతులే బయటపడవు. కానీ నాజీలకు పత్రిక అప్పగించడం కన్నా మూసుకోవడమే మేలనుకున్న ఇంట్లోంచి వచ్చిన బొమ్మ మీద ఆ ముద్ర వేసేముందు ముక్కు కన్నా గట్టి ఆధారం చూపాలి. అదీగాక ఒకే ఊరు స్టాలిన్‌దీ హిట్లర్‌దీ ఎలా అవుతుంది? ఏ రంగు అద్దం పెట్టుకుంటే ఆ రంగు కనబడుతోందంటే లోపం అద్దానిదే.

కళ్లద్దాల స్మర్ఫ్ ట్రాట్‌స్కీ అన్న మాట ఒక్క ముక్కలో పోతుంది. ట్రాట్‌స్కీ అధికారాన్ని ఎదిరించి బహిష్కరణకు గురయ్యాడు. ఇతను పెద్దాయన భక్తుడు. నోరు తెరిస్తే ‘పెద్దాయన ఎప్పుడూ చెబుతుంటారు కదా’ అని నీతులు. తరగతిలో మాస్టారి పక్క బెంచీలో కూర్చుని మిగతావాళ్ల మీద చాడీలు చెప్పే కుర్రాడు ఉంటాడే, వాడు. అందుకే తన్నులు తింటాడు.

ఆడవాళ్ల విషయం మాత్రం నిజంగా మాట్లాడుకోవాల్సినది, కాకపోతే కారణం మాస్కోలో లేదు, పారిస్‌లో ఉంది. స్పిరూ బెల్జియం పత్రికైనా బోలెడు కాపీలు అమ్ముడుపోయేది ఫ్రాన్స్‌లో. అక్కడ 1949 జులై 16న పిల్లల పత్రికల మీద ఒక చట్టం వచ్చింది. దొంగతనం, అబద్ధం, సోమరితనం, పిరికితనం, విచ్చలవిడితనం వంటివాటిని మంచివిగా చూపకూడదని, ఒక కమిషన్ వాటిని కనిపెట్టి ఉండాలని. అమెరికా బొమ్మల కథలు పిల్లలను చెడగొడుతున్నాయని ఆ రోజుల్లో క్యాథలిక్కులూ కమ్యూనిస్టులూ పోటీపడి గోలపెట్టారు, ఆ గోలలోంచి వచ్చిన చట్టమిది. కమిషన్‌కి కోపమొస్తే ఫ్రాన్స్ బజారు పోతుంది. ఆ భయంతో సంపాదకులు ముందే కత్తెర పట్టుకునేవారు. స్పిరూలోనే వచ్చిన కౌబాయ్ కథలు ‘లక్కీ లూక్’లో బిల్లీ ద కిడ్ అనే బందిపోటు పసివాడిగా రివాల్వరు గొట్టం చప్పరించే బొమ్మ ఆల్బంలోంచి, అంటే ఆ కథను పుస్తకంగా వేసినదాంట్లోంచి, ఎగిరిపోయింది అందుకే. ఆడపాత్ర వస్తే ప్రేమ వస్తుంది, ప్రేమ వస్తే కమిషన్ వస్తుంది. అందుకని మగపిల్లల గుంపు కథలే నడిచాయి. 1953లో ఫ్రాంకాన్ సెకొతీన్ అనే చురుకైన విలేకరిని తెచ్చాడంటే అప్పట్లో అది అపురూపం. ఆడ స్మర్ఫ్ స్మర్ఫెట్ 1966లో వచ్చింది, వచ్చిన తీరు కూడా మెచ్చుకోదగ్గది కాదు: ఊళ్లో తగాదాలు పెట్టడానికి గార్గమెల్ తయారుచేసి పంపిన ఆయుధం ఆమె. పాత మగబుద్ధి ఉంది అందులో, కాదనను. దాన్ని కమ్యూన్ సిద్ధాంతం అని పిలవడమంటే పాపం పెయో తప్పును ఎవరికో అంటగట్టడమే. 1970లో ‘యోకో త్సునో’, ‘నతాషా’ వచ్చాక గానీ స్పిరూలో ఆడవాళ్లు సొంతంగా కథ నడపడం మొదలవలేదు.

పిల్లల బొమ్మల పత్రికలో రాజకీయ ప్రచారం ఉండదా అంటే, ఉంటుంది. ఉన్నప్పుడు దాక్కోదు. 1929 జనవరిలో బ్రసెల్స్‌లోని ఒక క్యాథలిక్ దినపత్రికకు పిల్లల అనుబంధంగా వారం వారం వచ్చే ‘లె పెతి వాంతియెమ్’లో టిన్‌టిన్ పుట్టాడు. మొదటి కథే సోవియట్ రష్యాకు పోయి అక్కడంతా మోసమని చూపించడం. పేరులోనే సోవియట్లు. అటువైపు ఫ్రాన్స్ కమ్యూనిస్టు పార్టీ నీడలో 1945 నుంచి ‘వయాన్’ అనే పిల్లల వారపత్రిక నడిచింది, అదే 1969లో ‘పిఫ్ గాజెట్’ అయి లక్షల ఇళ్లలోకి వెళ్లింది. ఎర్ర బొమ్మలు కావాలంటే అక్కడ వెతకాలి. రహస్య అక్షరాల అవసరం వాళ్లకు ఏనాడూ రాలేదు.

స్పిరూలో నిజమైన రాజకీయం దూరితే ఏమైందో కూడా చూశాం. 1977లో ఫ్రాంకాన్, దెల్పోర్త్ కలిసి ‘లె త్రాంబోన్ ఇల్యుస్త్రే’ అని ఒక అనుబంధం మొదలుపెట్టారు. కార్యాలయం కింది నేలమాళిగలో యజమానికి తెలియకుండా అచ్చవుతున్నట్టు నాటకం. సైన్యాన్నీ చర్చినీ ఎడాపెడా ఎగతాళి చేశారు. ముప్పై సంచికలకే కథ ముగిసింది. ఆ నేలమాళిగ ఎవరి ఇంటిదో యజమానికి బాగానే తెలుసు.

రాజకీయం గురించి పెయో ఎప్పుడూ గీయలేదా అంటే, గీశాడు. 1964లో దెల్పోర్త్‌తో కలిసి చేసిన ‘ష్ట్రూంఫిసీమ్’ కథ చదవండి. పెద్దాయన పనిమీద ఊరు దాటగానే ఎన్నికలు పెట్టుకుంటారు. ఒకడు ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఏది ఇష్టమో అది ఇస్తానని మాటిచ్చి గెలుస్తాడు. గెలిచాక బంగారు రంగు బట్టలు, రాజభవనం, సైనికులు, జైలు. చివరికి తిరుగుబాటు. ఓటుకు ముందు వాగ్దానం, ఓటు తర్వాత కోటగోడ. ఈ కథ అర్థం కావడానికి తెలుగువాడికి బెల్జియం చరిత్ర అక్కర్లేదు. నిరంకుశత్వాన్ని పొగిడే పత్రిక అచ్చువేసే కథ మాత్రం కాదిది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది 1970ల మొదట్లో వచ్చిన భాష గొడవ కథ. ఊళ్లో ఉత్తరం వైపువాళ్లు ఒక రకంగా, దక్షిణం వైపువాళ్లు ఇంకో రకంగా మాట్లాడతారు. సీసా బిరడా తీసే పనిముట్టు పేరులో ‘ష్ట్రూంఫ్’ ముందుండాలా వెనకుండాలా అని మొదలై, ఊరి మధ్య గీత గీసుకునేదాకా పోతుంది. గీత మీద ఉన్న ఇంటివాడి గతి ఏమిటి? ఇది అచ్చంగా ఫ్రెంచి, డచ్చి తగాదాతో రోజూ సతమతమయ్యే బెల్జియం. ఆనపకాయా సొరకాయా అని పెళ్లి భోజనాల దగ్గర మొదలై ఎక్కడిదాకో పోయే వాదన విన్నవాళ్లకు ఇది నవ్వూ తెప్పిస్తుంది, చురుక్కూమంటుంది. సోవియట్ నమూనా ఊరైతే ఇలా రెండుగా చీలిన ఊరు గీస్తారా?

మిగిలింది డబ్బు. ముందు బయటి డబ్బు చెబుతాను. రబ్బరు బొమ్మలు, పెట్రోలు బంకుల్లో అమ్మకాలు, 1977లో డచ్చి పాటగాడి గొంతులో ఐరోపా అంతా మోగిన స్మర్ఫుల పాట, 1981 సెప్టెంబరు నుంచి అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో హన్నా-బార్బెరా స్టూడియో తీసిన కార్టూన్లు, అమెరికా పిల్లల పొద్దుటి టిఫిను గిన్నెలో స్మర్ఫుల పేరుతో రంగురంగుల సీరియల్. కమ్యూనిజమంటే గిట్టని రీగన్ అధ్యక్షుడైన ఏడాదే అమెరికా టీవీ సంస్థ డబ్బు పెట్టి కొని ప్రతి శనివారం చూపించింది. ఆ ఛానెల్ పెద్దాయన తన కూతురికి కొనిచ్చిన స్మర్ఫ్ బొమ్మ ఆ పిల్లకు తెగ నచ్చడంతో ఆ బేరం మొదలైందని చెబుతారు. పెట్టుబడి ఇంత చక్కగా ఆదరించిన కమ్యూనిస్టులు ఇంకెక్కడా లేరు.

ఇక కథలోపలి డబ్బు. ఇక్కడ బావగారికి నేను వేస్తానన్న మార్కులు వేసేస్తాను. ‘ఫినాన్సియే’, అంటే డబ్బు వ్యవహారాల స్మర్ఫ్ కథలో ఒకడు మనుషుల ఊరికి వెళ్లి సంతలో నాణేలు చూసి వచ్చి, తన ఊళ్లోనూ డబ్బు పెడతాడు. దానితో కొందరు ధనవంతులు, కొందరు అప్పులపాలు, పాటకూ ఆటకూ టైము లేదు, పలకరింపుకీ ధర. చివరికి విసిగిపోయి డబ్బును వదిలేస్తారు. డబ్బు మీద విమర్శే ఇది, సందేహం లేదు. కాకపోతే ఇది వచ్చింది 1992లో, స్పిరూ ఇల్లు వదిలి లొంబార్ అనే వేరే ప్రచురణకర్త దగ్గరికి పెయో చేరాక. క్రెమ్లిన్ మీద సోవియట్ జెండా దించింది 1991 డిసెంబరు 25న. పెయో చనిపోయింది 1992 డిసెంబరు 24న. ఈ ఆల్బం సోవియట్ ప్రచారమే అయితే, అది ఎవరికి చేరాలో ఆ దేశం ఆ పాటికి లేదు.